బాబాయి లేని పెరంబూరు

ఫిబ్రవరి 7, శుక్రవారం, పెరంబూరు

సెంట్రల్ స్టేషన్ నుంచి పెరంబూరుకు ఆటోకి 220 రూపాయలు ఇచ్చాను. వీధి పేరు చెప్పి ఇంటి గుర్తులు చెప్పబోతుండగా మలుపులో గోడ మీద బాబాయి కనిపించారు. మనిషంత పోస్టరు. పైన తమిళంలో ఏదో రాసుంది. ఆటో అతను వేగం తగ్గించి, వచ్చీరాని తెలుగులో చదివి చెప్పాడు. "కన్నీర్ అంజలి. మీ ఇంటి పెద్దాయనా?" అవునన్నాను. ఇక దారి అడగలేదు, ప్రతి మలుపులోనూ పోస్టరు ఉంది.

కింద పేర్లు వరసగా ఉన్నాయి. కొడుకులు, కోడళ్లు, మనవలు. ఆ తర్వాత టీ కొట్టు స్నేహితులు, క్యారమ్స్ ఆడే కుర్రాళ్లు, వినాయకుడి గుడి కమిటీ. మా ఒంగోల్లోనూ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కడతారు, పెద్దకర్మ కాగానే విప్పేస్తారు. ఇక్కడ కాగితం పోస్టర్లు జిగురు పూసి అంటిస్తారు. ఎవరూ చింపరు. ఎండకి వెలిసి, వానకి నాని, వాటంతట అవే పోవాలి. బాబాయి పక్కనే అంతకుముందెప్పుడో పోయిన ఒక అవ్వ ఉంది, ముఖం సగం తెల్లబడిపోయింది.

బాబాయి అంటే మా పిన్ని భర్త. ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, షెల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. 1955లో మొదలైన ఆ ఫ్యాక్టరీ కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. వందే భారత్ రైలు తొలిసారి తయారైంది అక్కడే, 2018లో. అప్పటికి బాబాయి రిటైరయ్యారు. అయినా టీవీలో ఆ రైలు కనబడితే "మాది" అనేవారు. ఈ సంక్రాంతికి అందులోనే ఒంగోలు వస్తానన్నారు. ఎక్కకుండానే వెళ్లిపోయారు. నేను లోపలికి వెళ్లగానే పిన్ని అన్న మొదటి మాట అదే. "ఆ రైలు ఎక్కకుండానే పోయారే మీ బాబాయి."

అమ్మ ముందే వచ్చి ఉంది. ఇంట్లో పొయ్యి వెలగట్లేదు. ఎదురింటి అక్క, తమిళావిడ, పొద్దున ఇడ్లీలు, రాత్రి వెన్ పొంగల్ పెద్ద క్యారియర్లో తెస్తోంది. వచ్చినవాళ్లు కూర్చుంటారు, కాసేపు మాట్లాడతారు, లేచి వెళ్లిపోతారు. "వెళ్లొస్తాం" అనరు. ఇది మన పద్ధతే. కానీ ఇక్కడ చిన్న పిల్లలకు కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. స్కూలు యూనిఫాంలో ఒక పిల్లవాడు వచ్చి, ఫొటో ముందు నిలబడి, చేతిలో చామంతి పెట్టేసి, మాట్లాడకుండా వెళ్లాడు. బాబాయి వాడికి లెక్కలు చెప్పేవారట.

రాత్రి పిన్ని అంతిమయాత్ర సంగతి చెప్పింది. ఒంగోలు నుంచి వచ్చిన మగవాళ్లకు, వీధి కుర్రాళ్లకు గొడవైందట. కుర్రాళ్లు సావు మేళం పిలిచారు. పరై డప్పులు, ఈలలు, ముందు చిందులు. మనవాళ్లకు అది మర్యాదగా అనిపించలేదు. పిన్నిని అడిగితే, "ఆయన మన ఊళ్లో ఇరవై మూడేళ్లున్నారు. ఈ వీధిలో నలభై పైన. ఈ వీధి ఎలా పంపుతుందో అలా పంపనీయండి" అందట. దారి పొడవునా బంతి, చామంతి, గులాబీ రేకులు చల్లుకుంటూ వెళ్లారు.

ఆ డప్పు గురించి ఒక మాట అనాలి. దాన్ని చావుకి వాయించే పని తరతరాలు ఒకే కులాల మీద మోపారు, వద్దనే వీలు కూడా లేకుండా. ఇప్పుడు అదే పరైని చెన్నై కాలేజీల్లో ఆడపిల్లలు కూడా నేర్చుకుని వేదికల మీద వాయిస్తున్నారు. మేళం వాళ్లకు పెద్ద తమ్ముడు, అంటే పిన్ని పెద్ద కొడుకు, 12,000 ఇచ్చాడు. బేరం ఆడొద్దని పిన్ని ముందే చెప్పిందట.

ఫిబ్రవరి 8, శనివారం, కాశిమేడు

చిన్న తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చేసరికి దహనం అయిపోయింది. అందుకని అస్థికలు సగం మర్నాడే కలిపి, సగం చిన్న కుండలో పెట్టి, ఎర్ర గుడ్డ కట్టి, పెరట్లో వేపచెట్టు కొమ్మకు వేలాడదీశారు. వంటింటి కిటికీలోంచి అది కనిపిస్తుంది. ఇన్ని రోజులూ పిన్ని ఆ కిటికీ దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుందని అమ్మ చెప్పింది.

ఆడవాళ్లు రాకూడదని ఎవరో అన్నారు. చిన్న తమ్ముడు వినలేదు. "అక్కా, నువ్వు రా. నాకు ఒక్కడికీ వద్దు" అన్నాడు. తెల్లవారుజామున కాశిమేడు రేవుకి వెళ్లాం. అప్పటికే చేపల పాట జోరుగా సాగుతోంది. వంజరం, శంకర మీను, రొయ్యలు నేల మీద కుప్పలు. పక్కనే మేము కుండ పట్టుకుని నిలబడ్డాం. ఎవరూ ఆశ్చర్యపోలేదు. గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె కుండను చూసి పక్కకు తప్పుకుని, చెప్పులు విప్పి, మేము దాటాక మళ్లీ తొడుక్కుంది.

ఫైబర్ బోటుకి 1,500. నడిపినాయనకు అరవై దాటి ఉంటాయి. తమ్ముడు నీళ్లలో కుండ వదిలేటప్పుడు ఇంజను ఆపేశాడు. తమ్ముడు చాలాసేపు వదల్లేకపోయాడు. అతను తొందర పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు తన సంగతి తనే చెప్పాడు, పెద్ద తమ్ముడు తెలుగులో నాకు చెబుతూ వచ్చాడు. 2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున అతను లోతు సముద్రంలో వేటలో ఉన్నాడు. సునామీ తన పడవ కింద నుంచే వెళ్లింది, అతనికి తెలియనే లేదు. లోతు నీళ్లలో ఆ అల పెద్దగా లేవదు, ఒడ్డు దగ్గరికి వచ్చాకే లేస్తుంది. ఒడ్డుకు వచ్చేసరికి అక్క కూతురు లేదు. అయిదేళ్ల పిల్ల. "జూన్‌లో బడిలో వేయాలనుకున్నాం. పలక కొని పెట్టాను. బడి మెట్టు కూడా ఎక్కలేదు" అన్నాడు. ఏటా ఆ రోజున ఇక్కడి వాళ్లంతా వచ్చి సముద్రంలో పాలు పోసి, పూలు వేస్తారు.

అదే సముద్రంలో ఎలా వేటకు వెళ్తున్నావని తమ్ముడు అడిగాడు. అతను జవాబు చెప్పలేదు. బోటు కట్టేసి, డబ్బు లెక్కపెట్టుకుని, అందులోంచి యాభై తీసి తమ్ముడి చేతిలో పెట్టి, దీపానికి నూనె కొనమన్నాడు.

తిరుగుదారిలో రాయపురం దగ్గర ఆటో ఆగిపోయింది. ఎదురుగా ఇంకొకరి ఊరేగింపు. మా ఆటో పక్క సందులోకి తిరిగి, ఆ సందు మూసి ఉంటే మళ్లీ వెనక్కి వచ్చి, చివరికి వాళ్ల వెనకే నడక వేగంతో వెళ్లింది. రోడ్డంతా పూలరేకులు. బస్సు డ్రైవరు హారన్ కొట్టలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం, పెద్దకర్మ

తెల్లారకముందే ఒంగోలు నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు పిన్నిని పెరట్లోకి రమ్మన్నారు. చేతుల నిండా గాజులు తొడిగి, పసుపు రాసి, పూలు పెట్టి, ఆపైన అన్నీ తీసేసే తంతు. నాకు చిన్నప్పటి నుంచీ దాని పేరు చెబితేనే కడుపులో తిప్పుతుంది. మా అమ్మమ్మకు చేసినప్పుడు ఆమె అరిచిన అరుపు నాకు ఇంకా వినబడుతుంది.

పిన్ని లేవలేదు. "సూత్రాలు నేనే తీస్తాను. గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు తీసి ఆయన ఫొటో దగ్గర పెడతాను. అది నాకూ ఆయనకూ సంబంధించిన పని. మీరెవరూ చూడక్కర్లేదు" అంది. గొంతు పెంచలేదు.

పెద్దమ్మ వరసావిడకు కోపం వచ్చింది. లోకం ఏమనుకుంటుంది అంది. అప్పటికి ఎదురింటి అక్క కాఫీ డికాక్షన్ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడా భర్త పోయినావిడే. సేలం దగ్గర పల్లెలో ఆవిడకు ఆ తంతంతా చేశారట. నుదుటి మీద బొట్టు తుడిచినప్పుడు గోరు గీరుకుపోయిందని పిన్నికి ఎప్పుడో చెప్పుకుందట. ఆవిడ లోపలికి వచ్చి పిన్ని పక్కన నేల మీద కూర్చుంది. "వద్దుమా" అని మాత్రం అంది, పెద్దమ్మ వైపు చూసి. ఇక ఎవరూ మాట్లాడలేదు. పురోహితుడు వచ్చి, మిగతా కార్యక్రమం మొదలుపెట్టేశాడు. ఆయనైనా అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

పిన్ని ఆ మాట అన్నందుకు నాకు ఎంత సంతోషం వేసిందో, చావింట్లో సంతోషం అనే మాట వాడొచ్చో లేదో తెలియకపోయినా, అదే రాస్తున్నాను.

భోజనాలు పక్క వీధి హాల్లో. ఆకుకి 180 రూపాయలు. వడ, పాయసం, సాంబారు, పొరియల్, రసం, అప్పలం. వంటవాళ్లు తమిళులు. గోంగూర పచ్చడి మాత్రం అమ్మ ఇంటి నుంచి జాడీతో తెచ్చింది, బాబాయికి అది లేనిదే ముద్ద దిగేది కాదు కాబట్టి. క్యారమ్స్ కుర్రాళ్లు వడ్డించారు. వాళ్లలో ఒకడికి మార్చిలో పెళ్లి. "అంకుల్ సంతకం పెట్టి మాట ఇచ్చారు, పందిట్లో కొబ్బరి బోండాల పని ఆయనదని" అంటూ ఒక పాత నోటుపుస్తకం కాగితం చూపించాడు. నిజంగానే బాబాయి సంతకం, తేదీతో సహా.

ఫిబ్రవరి 10, సోమవారం, కాగితాలు

మనిషి పోయాక ఎన్ని చోట్ల పేరు తీయించాలో ఎవరూ ముందు చెప్పరు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 చట్టం. అది పెద్ద తమ్ముడు చేయించేశాడు. సర్టిఫికెట్ జిరాక్సులు పన్నెండు తీసుకుని బయలుదేరాం. పెన్షను, గ్యాసు, ఈబీ (కరెంటు) కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను, నీటి పన్ను. పెన్షను పుస్తకంలో పిన్ని పేరు ముందే ఉండటం మేలైంది.

చిక్కు ఇంకో చోట వచ్చింది. బాబాయి ఉద్యోగం రికార్డుల్లో మన ఇంటిపేరు మొదటి అక్షరం ఉంది. ఇక్కడి కార్డుల్లో తమిళుల పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఉంది. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయమన్నారు ఒక కౌంటర్లో. తెలుగువాళ్లకు ఈ ఊళ్లో ఇది మామూలు సమస్యే, బతికున్నప్పుడు, తర్వాత సరిచేసుకోవచ్చులే అని వదిలేస్తారు. మీ నాన్నలవీ, మామలవీ ఇలాగే ఉంటే ఇప్పుడే రెండూ ఒకేలా చేయించండి. నోటరీ అఫిడవిట్‌కి మాకు 300 అయింది, పూట గడిచింది. పిన్ని ఆ అఫిడవిట్ మీద సంతకం పెట్టాలి: ఈ రెండు పేర్లూ నా భర్తవే అని. సంతకం పెడుతూ అక్కడే ఏడ్చింది. కర్మ రోజు అంతసేపూ కంటతడి పెట్టని మనిషి. నోటరీ గుమస్తా కుర్చీ తెచ్చి వేసి, ఫ్యాను మా వైపు తిప్పాడు.

బాబాయి ఫోను పిన్ని దగ్గరే ఉంది. తెలియనివాళ్లు ఇంకా చేస్తున్నారు. పాత కొలీగు, ఇన్సూరెన్సు ఏజెంటు, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. నంబరు తీసేద్దామని తమ్ముడు అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. ప్రతి ఫోనూ తనే ఎత్తి, ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెబుతుంది. పొద్దున ఆవిన్ పచ్చ ప్యాకెట్లు రెండే వస్తున్నాయి ఇప్పటికీ. ఒకటి చాలు కదా అంటే, "ఈ నెల కార్డు అయిపోనీ" అంది.

సాయంత్రం తమ్ముళ్లిద్దరూ నన్ను బీచ్ స్టేషన్ ఎదురుగా అత్తో బండి దగ్గరికి తీసుకెళ్లారు. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి ఇది. నారింజ రంగు నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు రసం, కారం పోసి చేత్తోనే కలుపుతారు. పక్కన అరటిదవ్వ సూపు, ఎంత అడిగితే అంత. ఉడకబెట్టిన గుడ్డును చీల్చి, లోపల వేయించిన ఉల్లి కూరిస్తారు. ముగ్గురికీ కలిపి 310. జీతం రోజున బాబాయి వీళ్లిద్దరినీ ఇక్కడికి తెచ్చేవారట. బండాయన తమ్ముళ్లను గుర్తుపట్టి "అప్పా ఎక్కడ?" అన్నాడు. చెప్పారు. అతను గరిటె పక్కన పెట్టి, కాసేపు ఎవరికీ ఏమీ కలపలేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు అడగలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం, మైలాపూరు

తైపూసం, మురుగన్ పండగ. తమిళనాట సెలవు, ఆఫీసులన్నీ మూత. పిన్ని ఏడాది దాకా గుడి మెట్టు ఎక్కనంది. అమ్మా నేనూ వెళ్లాం.

ముందు రాయపేట హైరోడ్డు, 126వ నంబరు. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు ఉన్న చోటు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న ఇక్కడే దీక్షకు కూర్చున్నారు, డిసెంబర్ 15 రాత్రి ఇక్కడే పోయారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఈలోపు మన జిల్లాల్లో అల్లర్లు, కాల్పులు, ఇంకెందరో పోయారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. ఇదంతా బడిలో చదివిందే. గేటు ముందు నిలబడితే నాకు గుర్తొచ్చింది వేరే సంగతి. ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయనా రైల్వే ఉద్యోగే, బొంబాయిలో. భార్య, అప్పుడే పుట్టిన బిడ్డ పోయారు. ఆ తర్వాతే ఉద్యోగం వదిలి గాంధీ దగ్గరికి, సబర్మతికి వెళ్లారు. విగ్రహాల కింద ఆ భార్య, ఆ బిడ్డ సంగతి నేను ఎక్కడా చదవలేదు. అమ్మకు చెప్పాను. అమ్మ ఏమీ అనకుండా గేటుకి దణ్ణం పెట్టింది.

కపాలీశ్వరుడి గుడి కిటకిటలాడుతోంది. తెప్పోత్సవం మొదటి రోజు. లోపల పూంపావై సన్నిధి ఉంది, చిన్నది. పక్కన వత్తులు వెలిగిస్తున్న మామి, తెలుగు వచ్చినావిడ, అమ్మకు కథ చెప్పింది. శివనేశర్ అనే వర్తకుడి కూతురు పూంపావై. పూలు కోస్తుంటే పాము కరిచి పోయింది. తండ్రి దహనం చేసి, బూడిదా ఎముకలూ కుండలో పెట్టి, కూతురు ఉండే మేడలోనే ఉంచాడు. కుండకు బట్టలు, నగలు, పూలు. తర్వాత తిరుజ్ఞాన సంబందర్ అనే శైవ భక్తకవి వచ్చి, ఆ కుండ ముందు పాడితే పిల్ల లేచి వచ్చింది. ఏడో శతాబ్దపు ఆ పదికంలో, అంటే ఆ పాటలో, మంత్రాలూ శాపాలూ లేవు. ఒక్కో పద్యంలో ఒక్కో పండగ చెబుతాడు. ఐప్పసి ఓణం, కార్తీక దీపాలు, తిరువాదిరై, తైపూసం, మాసి స్నానం, పంగుని ఉత్తరం. ప్రతి పండగ చెప్పి, ఇది చూడకుండానే పోతావా పూంపావై అని అడుగుతాడు.

నాకు అక్కడ ఒళ్లు జలదరించింది. వచ్చిన దగ్గర్నుంచీ నేను వింటున్నది అదే కదా. రైలు ఎక్కకుండానే. బడి మెట్టు ఎక్కకుండానే. మార్చిలో పెళ్లి చూడకుండానే.

కోనేరు మెట్ల మీద చోటు దొరికే వరకు గంట పట్టింది. తెప్ప లైట్లతో మెల్లగా తిరుగుతోంది, నాదస్వరం. అమ్మ ఉన్నట్టుండి, "ఆ తండ్రి కుండ ఇంట్లో పెట్టుకున్నాడు. మీ అన్న విషయంలో నాకు అది కూడా లేదు" అంది. నాకన్నా ముందు పుట్టి, పదకొండో నెలలో జ్వరంతో పోయిన అన్న. నాకు తెలిసి అమ్మ వాడి గురించి నాతో నేరుగా మాట్లాడటం ఇదే. పసిపిల్లలను పూడ్చిపెడతారు, తల్లిని రానివ్వరు. ఎక్కడ పూడ్చారో నాన్న, తాతయ్య చెప్పలేదట. చెబితే వెళ్లి కూర్చుంటుందని. "గుండ్లకమ్మ పక్కన అని విన్నాను. ఏ పక్కో తెలియదు. బస్సు వంతెన దాటేటప్పుడు రెండు వైపులా చూస్తాను." ఆ వంతెన మీద అమ్మ పక్కన కూర్చుని ఎన్నిసార్లు దాటానో. వాడి పేరు అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది అమ్మది.

సుండల్ పొట్లం పది రూపాయలు. రెండు కొనుక్కుని, తెప్ప ఒడ్డు చేరేదాకా అక్కడే కూర్చున్నాం.

ఫిబ్రవరి 12, బుధవారం, బెసంట్ నగర్

చిన్న తమ్ముడి ఫ్లైటు రాత్రికి. పొద్దున ఎలియట్స్ బీచికి వెళదామన్నాడు. తెల్లటి ష్మిట్ స్మారకం కింద నీడలో కాలేజీ పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. 1930 డిసెంబర్ 30న, మునిగిపోతున్నవాళ్లను కాపాడబోయి తను పోయిన డేన్మార్క్ కుర్రాడు. తమ్ముడు ఆ పలక చదివి, "వీళ్ల అమ్మకు కబురు ఎన్ని రోజులకు చేరిందో" అన్నాడు. తనకు ఫోను వచ్చిన రాత్రి నుంచి ఇల్లు చేరేదాకా గడిచిన గంటలన్నీ వరసగా చెప్పాడు. ఏ ఎయిర్‌పోర్టులో ఎన్ని గంటలు, పక్క సీటులో ఎవరు, ఏం తిన్నాడు. నేను మధ్యలో ఆపలేదు. ఎండ ఎక్కాక లేచాం.

ఒంగోలు, ఫిబ్రవరి 16

అమ్మ నాతో రాలేదు. నెల మాసికం దాకా చెల్లెలి దగ్గరే ఉంటానంది, టికెట్ రద్దు చేశాను. పిన్ని అటు అమెరికాకూ, ఇటు ఒంగోలుకూ రానంది. ఆ వీధి వదలదు.

నిన్న రాత్రి ఫోను చేస్తే ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మాట్లాడారు. పొద్దునే ఎదురింటి అక్కతో కలిసి కాశిమేడు వెళ్లారట. వంజరం కిలో 900 చెబితే అక్క బేరమాడి 800కి తెగ్గొట్టిందట. వచ్చి పులుసు పెట్టారు. క్యారమ్స్ కుర్రాళ్లకు ఒక గిన్నె పంపారు. చింతపండు కొంచెం ఎక్కువైందని అమ్మ, సరిపోయిందని పిన్ని.